అరవై ఎనిమిది బ్లేడ్లు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ ముసల్దాని ఎడమ ఇంజిన్ చూశాం. ముసల్ది అంటే మా దగ్గరున్న వాటిలోకెల్లా పాత విమానం. మనుషుల్లో నేను, విమానాల్లో అది. ఇద్దరికీ మోకాళ్ల దగ్గర చప్పుడు.

ఎప్పటిలాగే తిప్పేవాడు బావమరిది, చూసేవాణ్ణి నేను. వాడు ఇంజిన్ కింద కూచుని హ్యాండిలు తిప్పుతుంటే లోపల చక్రం చీమ నడకన కదులుతుంది. నేను పక్కనున్న బిరడా విప్పి, ఆ కన్నంలోంచి కెమెరా తీగ దూర్చి, బ్లేడ్లు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే పగుళ్ల కోసం చూస్తాను. డాక్టర్లు కడుపులోకి గొట్టం దింపి చూడటం లాంటిదే. మా రోగి కక్కడు, అంతే తేడా.

నలభై ఒకటో బ్లేడు దగ్గర పెద్దమేస్త్రీ పళ్లసెట్టు కథ ఎత్తుకున్నాను. విమానాలు నిలిపే మా హ్యాంగరులో ఏ వస్తువు కనపడకపోయినా, దొరికేదాకా అది ఏదో ఒక ఇంజిన్ కడుపులో ఉన్నట్టే లెక్క. ఆయన పళ్లు కనపడక మూడు ఇంజిన్లు విప్పాం. రెండు రోజులు వెతికాం. మూడో రోజు ఆయన భార్య గేటు దగ్గరికొచ్చి కాగితం పొట్లం ఇచ్చింది. ఆయన అసలు పళ్లు పెట్టుకోకుండానే పనికొచ్చాడు! రెండు రోజులు బోసినోటితో మా మీద అరుస్తుంటే, ఆ నోట్లో పళ్లు లేవని ఎవరికీ వింతగా తోచలేదు; పోయాయని ఆయనే చెప్పాడు కదా మరి.

బావమరిది పడీపడీ నవ్వాడు. టైర్లవాళ్లిద్దరూ పని ఆపి వచ్చి మరీ విన్నారు.

అరవై ఎనిమిదీ చూశాను. బాగున్నాయి. సంతకం పెట్టి, ముద్ర వేశాను. ఇక దాని వంక మళ్లీ చూసేది అయిదు నెలల తరవాతే.

ఫిబ్రవరి 4, మంగళవారం

విశేషాలు లేవు. దిండు మార్చమన్నాను. మెడ పట్టేసింది.

ఫిబ్రవరి 5, బుధవారం

క్షవరానికి వెళ్లాను. ఉన్నవి నాలుగు వెంట్రుకలు, వాటికి నెలకో ఉత్సవం. మంగలి కత్తెర ఆడిస్తూ, "పెద్దాయనా, ఎన్నాళ్ల నుంచో అడుగుదామనుకుంటున్నా. అంత బరువు గాల్లోకెలా లేస్తుంది? ఆ గొట్టంలో ఏముంది?" అన్నాడు.

నన్నా అడగడం! ఉమ్మడి కుటుంబం ఉందయ్యా అన్నాను. ముందు వరసలో పెద్ద ఫ్యానుంటుంది. గదెడు గాలిని ఒక్క గుక్కలో మింగేస్తుంది. మింగిన దాంట్లో ఎక్కువ భాగం లోపలికే పోదు, పక్కనుంచి వెనక్కి తోసేస్తుంది. విమానాన్ని ముందుకు నెట్టేది ఎక్కువగా ఆ పక్కగాలే. మరి లోపల మంటెందుకూ? ఆ ఫ్యాను తిప్పడానికి. కాస్త గాలిని లోపలికి తీసుకుని, వరసలు వరసలుగా ఉన్న చిన్న చక్రాలు దాన్ని పిండి పిండి ఒత్తిడి ముప్ఫై రెట్లయ్యేదాకా నలిపేస్తాయి. ఆ నలిగిన గాలిలో నూనె చల్లి మండిస్తారు. మండిన గాలి దారి దొరికిందని వెనక్కి పరిగెడుతుంది. దారిలో ఇంకో చక్రం అడ్డం. దాన్ని తిప్పితే గానీ బయటికి పోనివ్వరు. ఆ చక్రానికి ఇరుసు, ఆ ఇరుసుకి ముందున్న ఫ్యాను. ముందువాడు మింగడం, నడిమివాడు నలగడం, ఆ పక్కవాడు మండటం, వెనకవాడు ఆ వేడికి తట్టుకుంటూ ముందువాణ్ణి తిప్పడం.

"అయితే కష్టమంతా వెనకవాడిదే," అన్నాడు మంగలి.

"మా ఇంట్లో మా ఆవిడది," అన్నాను.

ఆ వెనక చక్రం బ్లేడ్లే నేను సోమవారం చూసినవి. ఒక్కోటీ అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీదుగా పోయే గాలి, ఆ లోహం కరిగే వేడికన్నా వేడిగా ఉంటుంది. మరి కరగదేం? ఒంటి నిండా సూదిబెజ్జాలు. వాటిలోంచి కాస్త తక్కువ వేడిగాలి ఊరుతూ పైన పొరలా కప్పుకుంటుంది. మంటలో కూచుని పలచని గాలిదుప్పటి కప్పుకోవడం! ఈ సంగతి నాకు ఏ కాలేజీ చెప్పలేదు. పారేసిన బ్లేడొకటి తెచ్చుకుని, బెజ్జాల్లోకి నోటితో గాలి ఊది తెలుసుకున్నాను. వారం పాటు పెదాలు మండాయి.

ఎక్కడున్నాను? ఆ, మంగలి. తల చివర్లో కొంచెం ఎత్తుపల్లంగా కత్తిరించాడు.

మొదటి బ్లేడుకి అంచున గోధుమరంగు మరక ఉంది. ఒంటిచెవి కుందేలులా. దాన్ని ఒకటి అని మొదలెట్టాను. అది మళ్లీ కనపడితే చక్రం పూర్తయినట్టు. కాస్త తొందరగా కనపడిందేమో అనిపించింది. అనిపించడానికేముంది.

ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున ముసల్ది ఎగిరేటప్పుడు హ్యాంగరు తలుపు దగ్గర నిలబడ్డాను. ఎడమ ఇంజిన్ గొంతు బాగుంది. కుడిదాని గొంతు వింటున్నానేమో, చెప్పలేను. రెండూ ఒకేసారి పాడతాయి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కుందేలు అరవై ఆరు దగ్గర వచ్చింది. రెండే తేడా. కళ్లు ఆర్పితే రెండు పోతాయి. అరవై ఎనిమిదని రాయడానికి కారణం, ఉన్నవి అరవై ఎనిమిది కాబట్టి. ఇంట్లో ఎంతమందని జనాభా లెక్కలవాడు అడిగితే, స్నానాల గదిలో ఉన్నవాణ్ణి వదిలేసి చెబుతామా?

సాయంత్రం ముసల్ది తిరిగొచ్చింది. అందరూ దిగారు. లెక్కపెట్టలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

ఇంకో సంగతి. ఒక బ్లేడు విరిగినా విమానం పడిపోదు. ఇంజిన్ చుట్టూ కవచం ఉంటుంది. ఇంజిన్లు రెండు. ఒక్కదాంతో దిగొచ్చు. ఇది నేను వందమందికి చెప్పాను, నిజమే కూడా. తిరిగేటప్పుడు ఒక్కో బ్లేడునీ ఒక లారీ బరువంత బలం బయటికి లాగుతుందనీ, ఒకటి ఊడితే పక్కవాటిని ఊరికే వదలదనీ కూడా చెప్పేవాణ్ణి. ఆ రెండో సగం చెప్పేటప్పుడు జనం కళ్లు పెద్దవయ్యేవి. నాకు సరదాగా ఉండేది.

అరవై నాలుగు కావచ్చు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సెలవు. మా ఆవిడ మిషను మీద దిండు గలేబులు కుడుతోంది. నేను పక్కన కూచుని, బ్లేడుని పోత పోసేటప్పుడు లోహమంతా ఒకే పలుకుగా, పంచదార పలుకులా ఎలా పెంచుతారో చెబుతున్నాను. పలుకుకీ పలుకుకీ మధ్య అతుకుంటే పగులు అక్కడే మొదలవుతుంది, అతుకే లేకపోతే...

ఆమె మిషను ఆపింది.

"ఏమైంది?"

"ఏమవుతుంది? పోత గురించి చెబుతున్నా."

"ముప్ఫయ్యెనిమిదేళ్లు కాపురం చేశాను. మీరు అడగని సంగతి చెబుతున్నారంటే, అడగాల్సింది ఏదో దాస్తున్నారు."

"ప్రతిదానికీ అర్థాలు తియ్యకు."

"పోనీ అనర్థమా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. "మా తమ్ముడితో గొడవా?" అంది.

"వాడితో నాకేం గొడవ. వాడు బంగారం."

"వాణ్ణి బంగారం అన్నారంటే గొడవే," అని మళ్లీ మిషను తొక్కింది.

నాలుగు గలేబులూ అయ్యేదాకా అక్కడే కూచున్నాను. కొత్త దిండు ఎక్కువ మెత్తగా ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం

అరవై ఒకటి.

కథ ఎత్తుకునే ముందు నలభై ఒకటి. కథ అయ్యాక నలభై రెండు అన్నాను. కుందేలు అరవై ఒకటి తరవాత వచ్చింది. చూశాను. గుర్తుపట్టాను. అప్పుడే గుర్తుపట్టాను. కథ నడుస్తుండగా ఏడు బ్లేడ్లు నా ముందునుంచి పోయాయి. నేను టైర్లవాళ్ల మొహాలు చూస్తున్నాను, నవ్వుతున్నారా లేదా అని. ఇంకోసారి తిప్పమంటే పది నిమిషాల పని. "ముసలాడికి లెక్క తప్పింది" అనిపించుకోవాలి, అంతే. బిరడా బిగించేశాను.

ఆ ఏడింటినీ నేను చూడలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

క్యాంటీన్లో బావమరిది బత్తాయి ఒలుస్తూ కూచున్నాడు. ఎదురుగా కూచుని అడిగాను.

"ఆ రోజు నేను పళ్లసెట్టు కథ చెబుతుంటే చెయ్యి ఆపావా?"

"ఏ రోజు?"

"ముసల్దాని దగ్గర. నవ్వుతూ తిప్పావా, తిప్పడం ఆపి నవ్వావా?"

"అదేం ప్రశ్న బావా? నవ్వేటప్పుడు చేతులేం చేస్తున్నాయో ఎవడు చూసుకుంటాడు? నువ్వు ఆపమనలేదు. నువ్వు ఆపమంటేనే ఆపుతా." ఒక తొన నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎన్ని?"

"ఏడు."

తొన మళ్లీ తొక్కలో పెట్టాడు. "ఏడే కదా," అన్నాడు. "మధ్యలో ఎనిమిది రోజులు ఎగిరింది కదా. రోజుకి నాలుగుసార్లు. ఏమన్నా ఉంటే ఈపాటికి..."

"నేనూ అలాగే అనుకుంటున్నా."

"మరి?"

"అనుకోవడం ఏడో రోజుకి అరిగిపోయింది."

వాడు అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. "బావా, నెలాఖరుకి నా పరీక్ష. పద్నాలుగేళ్లు నీ కింద కూచుని తిప్పాను. కాయలు కాసిన చేతులు చూడు. ఒక్కసారి ఆ తెర ముందు నేను కూచోవాలని. నువ్వు చెప్పావంటే రాసేది నీ పేరొక్కటే కాదు. తిప్పినవాడి పేరు కూడా రాస్తారు."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా? అయిదు నెలలాగు. మళ్లీ చూసేది మనమే. అప్పుడు కథలు చెప్పకు, అయిపోయె."

"ఈలోగా?"

"ఈలోగా ఏంటి? నువ్వేగా చెప్పావు, ఒక ఇంజిన్ పోయినా దిగొచ్చని! ఎన్నిసార్లు చెప్పావు! బ్లేడ్ల గురించి నువ్వు వేసినన్ని బ్లేడ్లు ఎవడూ వెయ్యలేదు!"

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. వాడు గొంతు తగ్గించాడు. "అక్కకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." బత్తాయి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

వాడన్నది తప్పని నాకు తోచలేదు. అదే నన్ను భయపెట్టింది. ఎవరి మాటల్లో విన్నా నా మాటల్లాగే ఉన్నాయి.

రేపు చెబుతాను. ఎల్లుండి వాడి పరీక్ష దరఖాస్తుకి ఆఖరు రోజు. అది కాగానే చెప్పొచ్చునేమో.

ఫిబ్రవరి 12, బుధవారం

పదకొండింటికి పనిముట్ల గదిలో ఉన్నాను. టైర్లవాళ్లలో పొడుగాయన తలుపులోంచి తొంగి చూసి, "ముసల్ది ఆగిపోయింది!" అన్నాడు.

బల్ల పట్టుకున్నాను. ఏ ఇంజిన్ అని అడగబోయాను.

"గేటు దగ్గర. బయల్దేరబోతుంటే ఎవరో పెద్దమనిషి మరుగుదొడ్లో ఇరుక్కుపోయాడట. గడియ రావట్లేదు. తలుపు విప్పడానికి మనవాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుని పరిగెడుతున్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగా. ఎంతకీ ఆపలేకపోయాను. పొడుగాయన నవ్వు మానేసి, "నీళ్లు తాగుతారా?" అన్నాడు.

తాగలేదు. నడుచుకుంటూ డేగ గదికి వెళ్లాను. డేగ అంటే మా తనిఖీ విభాగానికి అధికారి. నా దగ్గరే పని నేర్చుకుంది. వెంట్రుకవాసి గీత కూడా ఆమె కంట్లోంచి తప్పించుకోదు, అందుకా పేరు. పెట్టింది నేనే. ఎదురుగా ఎవరూ అనరు, ఆమెకు తెలుసు.

"రండి గురువుగారూ. కూచోండి."

కూచోలేదు. "ఒక పెద్దమేస్త్రీ ఉండేవాడు," అని మొదలుపెట్టాను. "ఆయనకి పళ్లసెట్టు..."

"గురువుగారూ." ఆమె పెన్ను కింద పెట్టింది. "కథ తరవాత. ముందు సంగతి."

"ముసల్దాని ఎడమ ఇంజిన్లో ఏడు బ్లేడ్లు చూడలేదు. చూసినట్టు సంతకం పెట్టాను."

"ఎప్పుడు?" అనలేదు. "ఎందుకు?" అనలేదు. ఫోను ఎత్తింది. "గేటు దగ్గరున్నదాన్ని పంపొద్దు. అందర్నీ దింపండి. కాదు, గడియ బాగైనా సరే." ఫోను పెట్టేసి ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపింది. "మీ మాటల్లో రాయండి. ఎంత పొడుగైనా పరవాలేదు."

ఆమెకు చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండు వరసలు. ఇంకేమన్నా కలపాలా అని చూసుకున్నాను. జీవితంలో నేను చెప్పినవాటిలో అంత చిన్నది ఇంకోటి లేదు. కింద తిప్పినవాడి పేరు రాసి, పక్కన "నేను ఆపమనలేదు, అతని తప్పు లేదు" అని రాశాను. ఆమె అది చదివి, "ఇది మీరు తేల్చేది కాదు గురువుగారూ," అంది.

బయటికొస్తుంటే ప్రయాణికులు ఎండలో వరసగా వెనక్కి నడుస్తున్నారు. నూట డెబ్బై మంది. ఒకాయన సంచి నెత్తిమీద పెట్టుకుని, "మరుగుదొడ్డి తలుపుకి ఇంత హంగామానా!" అని తిట్టుకుంటున్నాడు.

ఇంట్లో చెప్పాను. వాడి పరీక్ష సంగతి కూడా. మా ఆవిడ నాకు కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 13, గురువారం

ఇంజిన్ రాత్రంతా చల్లారింది. చూసింది డేగ. విచారణ తేలేదాకా బావమరిది ఇంజిన్ ముట్టుకోకూడదన్నారు. "నేను తిప్పనా?" అంటే డేగ తిప్పమంది. వాడు పద్నాలుగేళ్లు కూచున్న ముక్కాలి పీట మీద కూచున్నాను. తెర కనపడదు అక్కణ్ణుంచి. అది నాకు ఇవాళే తెలిసింది.

ఆమె పైకి లెక్కపెడుతూ పోయింది. ఒక్క ముక్క అదనంగా మాట్లాడలేదు. నలభై రెండు. నలభై మూడు. హ్యాండిలు ఒకసారి జారింది. "మెల్లగా," అంది. నలభై ఎనిమిది దాటింది. అరవై ఎనిమిది అయ్యాక కుందేలొచ్చిందని చెప్పింది. రెండోసారి కూడా తిప్పించింది.

ఏమీ లేదు. అన్నీ శుభ్రం.

మేనేజరు వచ్చాడు. "ఏమీ లేదా? ఏమీ లేకుండానా నూట డెబ్బై మందిని దింపింది?" అన్నాడు.

"లేదని ఇప్పుడు తెలిసింది సార్," అంది డేగ. "నిన్నటిదాకా తెలియదు."

మధ్యాహ్నం ముసల్ది ఎగిరింది. సంతోషం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ముద్ర తీసుకున్నారు. ఇరవై రెండేళ్లు వాడాను. అంకెల్లో ఎనిమిది అరిగిపోయి మూడులా పడేది. ఒక కవరులో వేసి కవరు అంటించారు. బావమరిది పరీక్ష ఆరు నెలలు వాయిదా.

ఫిబ్రవరి 15, శనివారం

సాయంత్రం వాడు వచ్చాడు, వాళ్లక్కకి కత్తెర సాన పట్టించి తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, బావ ఉన్నాడా?"

"ఉన్నారు. లోపలికి రా."

"ఉంటే ఉండనీ." కత్తెర ఇచ్చి వెళ్లిపోయాడు. నేను గోడకి ఇవతలే ఉన్నాను.

మొన్న ఇక్కడ ‘సంతోషం’ అని రాశాను. అబద్ధం. నలభై రెండు నుంచి నలభై ఎనిమిది దాకా, ఆ హ్యాండిలు తిప్పుతూ, ఒక్క పగులు కనపడాలని కోరుకున్నాను. చిన్నదైనా చాలు, గోటి గీతంతదైనా. ఉంటే మేనేజరు నోరు మూతపడేది. బావమరిది నా చెయ్యి పట్టుకునేవాడు. ముసలాడు ఎంతమందిని కాపాడాడో చూశారా అని టైర్లవాళ్లు పదేళ్లు చెప్పుకునేవాళ్లు. అంతకన్నా మంచి కథ నాకు దొరికేది కాదు. తొమ్మిది రోజులు అంతమంది ఆ బ్లేడ్ల మీద కూచుని ఎగిరితే, అవి పగిలి ఉండాలని నా మనసు కోరింది. డేగ "ఏమీ లేదు" అన్నప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు.

ఇది మా ఆవిడకి చెప్పాను. కత్తెర పదును చూసుకుంటూ విన్నది.

"ఆఫీసులో చెప్పారా?"

"ఆఫీసులో ఎవరికి చెప్పను?"

"మా తమ్ముడికి?"

"వాడు నా మొహం చూస్తేగా."

"చూస్తాడు. ఆరు నెలలు పడుతుంది." కత్తెర మిషను సొరుగులో పెట్టింది. "మీరు వెళ్లి కథ చెప్పకండి. ఊరికే వెళ్లి కూచోండి."

ఫిబ్రవరి 16, ఆదివారం

వెళ్లాను. కూచున్నాను. వాడు పేపరు చదివాడు, వెనకా ముందూ అన్నీ. ముప్పావుగంట తరవాత, పేపరు దించకుండానే, "సోమవారం నుంచి నీకేం పని ఇచ్చారు?" అన్నాడు.

"తిప్పడం. చూసేది డేగ."

"నడుం పట్టేస్తుంది. పీట కింద చెక్కముక్క పెట్టుకో."

"సరే."

"హ్యాండిలు జారితే గట్టిగా పట్టకు. వదిలెయ్. అదే ఆగుతుంది."

"సరే."

"పైనున్నవాళ్లు..." అని ఆగి, పేపరు మడిచాడు. నేనేదో అందుకుంటానని ఎదురుచూశాడు కాబోలు. నేను అందుకోలేదు. అప్పుడు చెప్పాడు: "పైనున్నవాళ్లు మాటల్లో పడితే చెయ్యి ఆపెయ్ బావా. వాళ్లు ఆపమనేదాకా చూడకు. అది నాకెవరూ చెప్పలేదు."

చెప్పవలసినవాణ్ణి నేనే. పద్నాలుగేళ్లలో వాడికి చెప్పని సంగతి అదొక్కటే.